‘ఇంకేం రాశారు?’ అని అడిగే రోజు

1976లో డేవిడ్ వెబ్ పీపుల్స్ కౌబాయ్ తరహా వెస్టర్న్ స్క్రిప్టు ఒకటి రాశాడు. ఒకప్పుడు మనుషుల్ని చంపి, మానేసి, వయసు మళ్లాక డబ్బు కోసం మళ్లీ తుపాకీ పట్టినవాడి కథ. అది ‘అన్‌ఫర్గివెన్’ పేరుతో తెరకెక్కింది 1992లో. మధ్యలో పదహారేళ్లు. హక్కులు నటుడు, దర్శకుడు క్లింట్ ఈస్ట్‌వుడ్ చేతికి వచ్చాక కూడా, ఆ పాత్రకు సరిపడా వయసు తనకు రావాలని ఆయన దాన్ని ఏళ్ల తరబడి పక్కన పెట్టుకున్నాడు. ఆయన కంపెనీలోనే స్క్రిప్టులు చూసే మనిషి ఒకరు ఇది చెత్త అని నోటు రాసిపెట్టారు. చివరికి ఆ సినిమాకి ఉత్తమ చిత్రంగా ఆస్కార్ వచ్చింది.

ఈ సంగతిని రెండు రకాలుగా చెప్తుంటారు. ఓపిక పడితే ఎప్పటికైనా ఫలితం ఉంటుందని ఒకరు. అంతా అదృష్టమే, ఈస్ట్‌వుడ్ కంట పడకపోతే ఆ కాగితాలు బీరువాలోనే చెదలు పట్టేవని ఇంకొకరు. ఇద్దరూ ఒక ముక్క వదిలేస్తారు. ఆ పదహారేళ్లూ పీపుల్స్ ఆ స్క్రిప్టుకు కాపలా కూర్చోలేదు. 1982లో వచ్చిన ‘బ్లేడ్ రన్నర్’ స్క్రీన్‌ప్లేలో ఆయన పేరుంది. పాత స్క్రిప్టుకు అదృష్టం పట్టేనాటికి ఆయన ఎప్పుడో రచయిత అయిపోయాడు.

నేను వాదించేది ఈ ముక్క గురించే. స్క్రీన్‌రైటింగ్‌లో అదృష్టం లేకుండా ఎవరూ లోపలికి రారు. అలా కాదని చెప్పేవాళ్లు తమకు పట్టిన అదృష్టాన్ని మర్చిపోయినవాళ్లు. అయితే ఆ అదృష్టం ఏదో ఒక స్క్రిప్టుకు పడుతుంది, ఏ స్క్రిప్టుకో ముందే తెలియదు. కాబట్టి పట్టుదల చూపించాల్సింది రాయడం మీద. ఒకే కథను పదేళ్లు భుజాన వేసుకుని గడప గడపకూ తిరగడాన్ని మనవాళ్లు పట్టుదల అని మెచ్చుకుంటారు గానీ, చాలాసార్లు అది కొత్త కథ రాయలేక వెతుక్కున్న సాకు.

ముందు అదృష్టం అనే మాటను కాస్త విడదీసి చూద్దాం. మీ స్క్రిప్టు చేరిన వారంలోనే ఆ నిర్మాణ సంస్థ అలాంటి కథే ఇంకొకటి కొనేసి ఉండొచ్చు. మీ కథ నచ్చిన మనిషి ఉద్యోగం మారిపోవచ్చు, ఆ కుర్చీలోకి వచ్చినవాడు పాతవాడి స్క్రిప్టులన్నీ వెనక్కి పంపొచ్చు. పెద్ద సినిమా ఒకటి పోయిందంటే ఆ తరహా కథలకు రెండేళ్లు తలుపులు మూసేస్తారు. 2023 మే 2న అమెరికాలో సినిమా, టీవీ రచయితల సంఘం రైటర్స్ గిల్డ్ సమ్మె మొదలై సెప్టెంబర్ 27న ముగిసింది, మొత్తం 148 రోజులు. ఆ 148 రోజుల్లో అక్కడ ఎంత గొప్ప స్క్రిప్టు పట్టుకుని వెళ్లినా పెద్ద స్టూడియోలో కొనేవాడు లేడు. వీటిలో ఏదీ మీ చేతిలో లేదు. మీ చేతిలో ఉన్నవి రెండు: ఏడాదిలో ఎన్నిసార్లు పాచిక వేస్తారు, పాచిక పడిన రోజున మీ దగ్గర ఏముంటుంది. మిగతాదంతా ఈ రెంటికీ సంబంధించిన పనివివరమే.

పాచిక ఎక్కడ పడుతుందంటే, చదివేవాడి బల్ల మీద. ఈ చదివేవాడు దర్శకుడు కాదు, నిర్మాత కాదు. చాలాచోట్ల ఇరవైల్లో ఉన్న అసిస్టెంటో, స్క్రిప్టుకింత అని డబ్బు తీసుకుని చదివే రీడరో. అతను చదివి ‘కవరేజ్’ రాస్తాడు. ఒక వాక్యంలో కథ, ఒకటి రెండు పేజీల్లో సారాంశం, ఒక పేజీ అభిప్రాయం, చివర మూడింటిలో ఒక ముద్ర: వద్దు, చూడొచ్చు, తీసుకోండి. మూడోది వేయడానికి రీడర్లు భయపడతారు. తీసుకోండి అని రాసి పంపిన స్క్రిప్టు పైవాళ్లకు నచ్చకపోతే వాళ్ల అభిరుచికే మచ్చ. ‘వద్దు’ అని రాసినందుకు ఎవరి ఉద్యోగమూ పోదు. కాబట్టి మీరు రాసే ప్రతి పేజీ, ‘వద్దు’ అనడానికి మొగ్గుతూ కూర్చున్న, అలిసిపోయిన మనిషి కోసం రాస్తున్నట్టే. ఇది అన్యాయమని వాపోవచ్చు. నాకైతే ఇది మంచి కొలబద్ద అనిపిస్తుంది. థియేటర్లో ఫోను చేతిలో పెట్టుకుని కూర్చున్న ప్రేక్షకుడూ ఇంచుమించు ఆ స్థితిలోనే ఉంటాడు.

ఆ రీడరు మొదట చూసేది కథను కాదు, పేజీని. ఇంగ్లిష్ స్క్రిప్టుకు అచ్చు పద్ధతి దశాబ్దాలుగా మారలేదు: కొరియర్ అనే ఫాంటు, 12 పాయింట్ సైజు, ఎడమవైపు అంగుళంన్నర ఖాళీ, మిగతా వైపులా దాదాపు అంగుళం. ఇది చాదస్తం కాదు. ఈ కొలతల్లో ఒక పేజీ తెరమీద దాదాపు ఒక నిమిషానికి సమానమని లెక్క. నిడివి, బడ్జెట్, షూటింగ్ రోజులు అన్నీ ఆ లెక్క మీదే వేస్తారు. షెడ్యూలు వేసేటప్పుడు పేజీని ఎనిమిది భాగాలు చేసి, ఈ సీను రెండు బై ఎనిమిది, ఆ సీను ఒకటీ మూడు బై ఎనిమిది అని రాసుకుంటారు. 90 నుంచి 120 పేజీల మధ్య ఉండాలనేది అందుకే. 160 పేజీల స్క్రిప్టు వచ్చిందంటే, రాసినవాడికి కత్తిరించడం రాదని మొదటి పేజీ తెరవకముందే తెలిసిపోతుంది.

తెలుగులో రాసేవాళ్లకు ఇక్కడ రెండు చిక్కులున్నాయి. మొదటిది, కొరియర్‌లో తెలుగు అక్షరాలు లేవు. వేరే ఫాంట్ వాడగానే పేజీకి నిమిషం అన్న లెక్క చెడిపోతుంది, ఎందుకంటే గుడులూ ఒత్తులూ ఉన్న లిపికి వరుసల మధ్య జాగా ఎక్కువ కావాలి. దీనికి మందు గడియారమే. స్క్రిప్టు మొత్తం పైకి చదువుతూ, మాటల్లేని చోట ఆ పని జరగడానికి ఎంత పడుతుందో కళ్లముందు ఊహించుకుంటూ, సీనుకొక అంకె పక్కన రాసుకోండి. ఒకసారి అలా చేస్తే మీ ఫాంటులో మీ పేజీ ఎన్ని సెకన్లో తేలుతుంది. రెండోది సాఫ్ట్‌వేర్ సంగతి. ‘ఫౌంటెన్’ అని ఒక పద్ధతి ఉంది, 2012 నుంచి వాడుకలో ఉంది. మామూలు టెక్స్ట్ ఫైల్లో రాసుకుంటూ పోతే దాన్ని స్క్రిప్టు రూపంలోకి మార్చే ఉచిత సాఫ్ట్‌వేర్లు చాలా ఉన్నాయి. ఇంగ్లిష్‌లో పేరు మొత్తం పెద్దక్షరాల్లో ఉంటే అది పాత్ర పేరని అది గుర్తుపడుతుంది. తెలుగులో పెద్దక్షరాలు లేవు కదా, అందుకని మన పాత్రల పేర్లన్నీ వర్ణనలో కలిసిపోయి కలగాపులగం అవుతుంది. పేరుకు ముందు ‘@’ గుర్తు పెడితే పాత్ర పేరుగా, సీన్ హెడింగుకు ముందు ఒక చుక్క పెడితే హెడింగుగా తీసుకుంటుంది. ఈ రెండు గుర్తులు తెలియక, తెలుగులో ఇది పనిచేయదని వదిలేసేవాళ్లుంటారు.

పేజీ చూడటానికి బాగుంది సరే, లోపల? ఎక్కువ స్క్రిప్టులు చచ్చిపోయేది మొదటి పది పేజీల్లోనే, అదీ దాదాపు ఒకే జబ్బుతో. దగ్గరగా చూద్దాం.

‘ఇంట్లో — రాత్రి. సుధాకర్ (45) సోఫాలో కూర్చుని ఉంటాడు. పదేళ్ల క్రితం భార్య చనిపోయినప్పటి నుంచి ఒంటరి. కూతురితో సరిగా మాటల్లేవు. ఆమె అంటే ప్రాణం, కానీ బయటికి చెప్పుకోలేడు.’

ఇందులో కెమెరాకు కనిపించేది ఎంత? సోఫాలో కూర్చున్న ఒక మనిషి. మిగతాదంతా రచయిత రీడరు చెవిలో ఊదుతున్నది. ఇలా ఊదుడు మీద బతికే సీన్లు చదువుతున్నంతసేపూ అర్థమవుతాయి, తీశాక ఎవరికీ ఏమీ తెలియదు. ఇదే సీను ఇంకో విధంగా:

‘హాలు — రాత్రి. టేబుల్ మీద రెండు కంచాలు. సుధాకర్ (45) ఒకదాంట్లో తింటున్నాడు. రెండోదాని మీద మూత. తలుపు తాళం తిరిగిన చప్పుడు. కూతురు (19) లోపలికొస్తుంది, టేబుల్ వైపు చూడకుండా తన గదిలోకి వెళ్లి తలుపేసుకుంటుంది. సుధాకర్ లేచి మూత ఉన్న కంచాన్ని ఫ్రిజ్‌లో పెట్టబోతాడు. లోపల అలాంటి కంచాలు ఇప్పటికే మూడున్నాయి. వాటిని జరిపి చోటు చేస్తాడు.’

నిడివి దాదాపు రెట్టింపయింది, కానీ ఉన్నదంతా తెరమీద కనిపించేదో వినిపించేదో. రెండోదాంట్లో భార్య పోయిన సంగతి లేదు, నిజమే. ఇప్పుడే అక్కర్లేదు కూడా. ‘వాళ్లమ్మ ఏది?’ అన్న అనుమానం రీడరులో పుట్టడం, వాళ్లమ్మ పోయిందని మనం ముందే చెప్పేయడం కంటే చాలా విలువైనది. ఆ అనుమానమే పేజీ తిప్పిస్తుంది.

మొదటి డ్రాఫ్టులో ఇలాంటివి ఎవరికీ కుదరవు. ‘లిటిల్ మిస్ సన్‌షైన్’ మొదటి డ్రాఫ్టును మైకేల్ ఆర్న్‌ట్ మూడు రోజుల్లో రాశాడని అందరూ చెప్పుకుంటారు. అది నిజమే. ఆ మూడు రోజుల ముందు ఆయన వేరేవాళ్ల స్క్రిప్టులు చదివే ఉద్యోగం చేశాడని, తర్వాత నెలల తరబడి దాన్ని తిరగరాశాడని, 2001 చివర అమ్ముడైన స్క్రిప్టు 2006లో గానీ తెరమీదికి రాలేదని మాత్రం తక్కువమంది చెప్తారు. మధ్యలో కొన్నాళ్లు ఆయన్ని ఆ ప్రాజెక్టు నుంచే తీసేసి మళ్లీ పిలిచారు. మూడు రోజులన్న అంకె వినడానికి బాగుంటుంది కాబట్టి అదే మిగిలింది.

తిరగరాయడంలో వరస ముఖ్యం, అందరూ తప్పేది ఇక్కడే. మాటలు బాగుచేయడంతో మొదలుపెడతారు, ఎందుకంటే అది సరదాగా ఉంటుంది. నాలుగు వారాలు చెక్కిన డైలాగు ఉన్న సీను, ఐదో వారంలో కథకు అక్కర్లేదని తేలుతుంది. అప్పుడు దాన్ని తీసేయడానికి చెయ్యి రాదు, దాన్ని ఉంచడం కోసం కథనే వంచుతారు. కాబట్టి ముందు ఎముకలు. డ్రాఫ్టు అయ్యాక కనీసం రెండు మూడు వారాలు దాని ముఖం చూడకండి. తర్వాత సీనుకొక కార్డు రాయండి. కార్డు మీద మూడే సంగతులు: ఈ సీనులో ఎవరికి ఏం కావాలి, ఎవరు అడ్డు, సీను అయ్యేసరికి ఏం మారింది. మూడోది రాయలేకపోతే ఆ సీను తీసేయండి, లేదా పక్క సీనులో కలిపేయండి. అరవై డెబ్బై కార్డుల్లో పది పన్నెండు ఇలా ఎగిరిపోతే భయపడక్కర్లేదు. రెండోసారి వచ్చేటప్పుడు ప్రతి సీనుకూ మొదటి నాలుగు వాక్యాలూ చివరి నాలుగు వాక్యాలూ మూసి చదవండి. ‘రండి, కూర్చోండి, ఎలా ఉన్నారు’ అన్నవన్నీ ఆ నాలుగింట్లోనే ఉంటాయి. మూసినా అర్థమైతే అవి దండగే. మాటల జోలికి వెళ్లాల్సింది మూడోసారి. పాత్రల పేర్లు చేత్తో మూసి, ఏ మాట ఎవరిదో పోల్చుకోగలరేమో చూడండి. అందరూ ఒకేలా, అంటే మీలాగే, మాట్లాడుతుంటే ఇంకా పని మిగిలి ఉన్నట్టు.

ఆ తర్వాతే ఇంకొకరికి ఇవ్వాలి. ముగ్గురికి ఇవ్వండి, ఇంట్లోవాళ్లకు వద్దు. ముగ్గురూ వేరు వేరు చోట్ల వేలు పెడితే అది వాళ్ల వాళ్ల రుచి. ముగ్గురూ ఒకేచోట ఆగితే అక్కడ తప్పకుండా ఏదో ఉంది, వాళ్లు చెప్పే మందు తప్పయినా సరే. ‘ఈ విలన్‌కి ఇంకో సీను ఉండాలి’ అన్నారంటే చాలాసార్లు అసలు జబ్బు విలన్‌లో ఉండదు, ఇరవై పేజీల ముందు హీరోకి ఏం కావాలో మనం స్పష్టంగా చెప్పకపోవడంలో ఉంటుంది.

సరే, స్క్రిప్టు తయారు. పంపేది ఎవరికి, ఎలా?

పోటీల గురించి పెద్ద ఆశలు, పెద్ద వెటకారాలు రెండూ వింటుంటాం. ఆస్కార్లు ఇచ్చే అకాడమీ 1986 నుంచి నడుపుతున్న నికోల్ ఫెలోషిప్‌నే చూడండి. ఈమధ్య ఏళ్లలో ఏడాదికి అయిదుగురి దాకా ఎంపిక చేసి ఒక్కొక్కరికి 35,000 డాలర్లు ఇస్తూ వచ్చారు. ఏడు వేలకు పైగా స్క్రిప్టులు వచ్చిన ఏడాదులున్నాయి. గెలవడమే లెక్క అనుకుంటే అది లాటరీ కన్నా పెద్ద తేడా లేదు. కానీ ఇలాంటి పోటీల సెమీఫైనల్ జాబితాలను ఏజెంట్లూ మేనేజర్లూ తెప్పించుకుని చదువుతారు. అంటే దాని విలువ బహుమతిలో లేదు, మీ పేరు పరిచయం లేని మనిషి ఇన్‌బాక్స్‌లోకి చేరడంలో ఉంది. ఇంకో సంగతి. తొలి రౌండ్లలో ఒక స్క్రిప్టును చదివేది ఒకరో ఇద్దరో. అదే స్క్రిప్టు ఒక ఏడాది మొదటి రౌండులోనే పోయి, అక్షరం మార్చకుండా పంపితే మరుసటి ఏడాది పైకి వెళ్లడం మామూలే. ఒక్క ఓటమిని తీర్పుగా తీసుకోవద్దనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. అయిదారు పోటీల్లో వరసగా మొదటి రౌండు దాటకపోతే మాత్రం అది చదివినవాళ్ల రుచి కాదు, స్క్రిప్టు. ఎంట్రీ ఫీజు వసూలు చేయడమే వ్యాపారమైన పోటీలు బోలెడు. గతంలో గెలిచినవాళ్ల పేర్లు వెతికి, తర్వాత వాళ్లకు ఒక్క సినిమా క్రెడిట్ అయినా ఉందేమో చూస్తే పావుగంటలో తేలిపోతుంది.

ఇంకా సినిమాగా రాని మంచి స్క్రిప్టుల జాబితా ‘బ్లాక్ లిస్ట్’ పుట్టుక ఇక్కడ గుర్తు చేసుకోదగ్గది. 2005లో ఫ్రాంక్లిన్ లియొనార్డ్ అనే ఉద్యోగి, నిర్మాణ సంస్థల్లో తనలాంటి వాళ్లకు మెయిల్ పెట్టి, ఆ ఏడాది చదివినవాటిలో మీకు నచ్చిన, ఇంకా సినిమాగా రాని స్క్రిప్టులు చెప్పండన్నాడు. వచ్చిన ఓట్లు లెక్కేసి జాబితా తిరిగి పంపాడు. అంతే. అందులోని స్క్రిప్టులు ఎన్నో తర్వాత సినిమాలయ్యాయి. మనం అదృష్టం అనేదాని ఇంజను ఇదే: కింది మెట్టు మీదివాళ్లు ఒకరికొకరు ‘ఇది చదివావా?’ అని చెప్పుకోవడం. నేరుగా పెద్ద దర్శకుడికే ఇవ్వాలని ఏళ్లు గడిపేవాళ్లు ఈ మెట్టును చూడనే చూడరు. ఆ దర్శకుడి దగ్గర పనిచేసే మూడో అసిస్టెంటుకు తీరిక ఉంటుంది, ఆకలి ఉంటుంది, అయిదేళ్లకు అతనే సినిమా తీస్తుండొచ్చు.

నేరుగా రాసే మెయిల్ అయితే అయిదారు వాక్యాలు దాటకూడదు. ఎవరికో పేరు పెట్టి రాయాలి, వాళ్లకే ఎందుకు పంపుతున్నారో ఒక వాక్యం, కథ ఒక వాక్యం, పంపమంటారా అని ఒక వాక్యం. స్క్రిప్టు జోడించకండి. అడగని స్క్రిప్టును చాలా సంస్థలు తెరవకుండానే తీసేస్తాయి. అది పొగరు కాదు, రేపు వాళ్లు తీసిన సినిమాలో మీ కథ పోలిక కనిపిస్తే కేసు వేస్తారన్న భయం. కొన్నిచోట్ల చదవడానికి ముందు, కేసు వేయనని రాసిచ్చే రిలీజ్ ఫారం మీద సంతకం అడిగేదీ ఇందుకే. జవాబు రాకపోతే నాలుగైదు వారాల తర్వాత ఒకే ఒక్కసారి గుర్తు చేయండి. మళ్లీ రాయాల్సింది కొత్త స్క్రిప్టు ఉన్నప్పుడే.

ఆ ఒక్క వాక్యం గురించి. ‘ఒక యువకుడి జీవితంలో జరిగిన అనూహ్య సంఘటనలు అతన్ని ఎలా మార్చాయన్నదే కథ.’ ఇది లోకంలోని సగం సినిమాలకు సరిపోతుంది, కాబట్టి దేనికీ సరిపోదు. ‘తను చెప్పిన తప్పుడు సాక్ష్యం వల్ల ఉరిశిక్ష పడ్డ మనిషిని కాపాడటానికి ఒక టీచరుకు ఒక్క రాత్రి మిగిలింది, నిజం చెబితే కటకటాల వెనక్కి వెళ్లేది ఆమె కొడుకు.’ ఇందులో మనిషి ఉంది, గడువుంది, ఎటు తిరిగినా నష్టం ఉంది. ముగింపు లేదు, పాత్ర పేరు కూడా లేదు. పేరు వినేవాడికి అక్కర్లేదు, వృత్తీ ఇరుకూ చాలు. ఇలాంటి వాక్యం ఎంత రాసినా కుదరట్లేదంటే తప్పు వాక్యంలో కాక కథలోనే ఉండొచ్చు. అందుకే దీన్ని స్క్రిప్టు అయ్యాక కాకుండా మొదలుపెట్టే ముందే రాసుకోవడం మేలు, నాలుగు నెలల చాకిరీ మిగులుతుంది.

ఇక అందరినీ పీడించే భయం, కథ దొంగిలిస్తారేమోనని. ఆలోచనకు కాపీరైట్ లేదు, దాన్ని మీరు రాసిన రూపానికే ఉంది. 1886 నాటి బెర్న్ ఒప్పందంలో ఉన్న దేశాలన్నిటిలో ఆ హక్కు మీరు రాసిన క్షణం నుంచే మీది, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ పనికొచ్చేది రుజువుగా. అమెరికాలోనైతే అక్కడి రచనకు కోర్టుకెళ్లే ముందు అది తప్పనిసరి కూడా. పూర్తి స్క్రిప్టును రిజిస్టర్ చేయించండి, ఎవరికి ఏ తేదీన ఏ డ్రాఫ్టు పంపారో మెయిళ్లు దాచుకోండి, నోటితో కథ చెప్పి వచ్చిన రోజే ‘ఈరోజు ఫలానా కథ విన్నందుకు థాంక్స్’ అని రెండు ముక్కలు రాసి పంపండి. అంతకు మించి దాచుకుంటే మీకే నష్టం. ఎవరికీ చూపించని స్క్రిప్టును ఎవరూ దొంగిలించరు, ఎవరూ కొనరు కూడా.

నిజంగా దోచుకునే పద్ధతి ఇంకొకటుంది, దానికి దొంగతనమని పేరు లేదు. ‘బాగుంది, సెకండాఫ్ ఒక్కసారి మార్చి తీసుకురా.’ మార్చి తీసుకెళ్తారు. ‘హీరోయిన్ వైపు నుంచి ఒక వెర్షన్ చూద్దాం.’ అదీ రాస్తారు. ఆర్నెల్లు గడుస్తాయి, చేతిలో కాగితం ముక్క లేదు, పైసా లేదు. పోనీ ఆ స్క్రిప్టయినా మీది అనుకుంటే, అందులో ఇప్పుడు వాళ్ల సూచనలు ఇరవై ఉన్నాయి, ఇంకొకరి దగ్గరికి తీసుకెళ్తే పేచీ. ఒకసారి మార్చివ్వడం మర్యాద. అది కూడా మీకు సబబు అనిపించిన మార్పయితేనే. రెండోసారికి ముందు ఒప్పందం గురించి అడగాలి. అడిగితే అవకాశం పోతుందేమో అన్న భయం అందరికీ ఉంటుంది. ఆ ఒక్క ప్రశ్నకే పోయే అవకాశం అసలు లేనట్టే లెక్క.

ఒప్పందం వచ్చిందనుకుందాం. మొదటిసారి వచ్చేది సాధారణంగా కొనుగోలు కాదు, ఆప్షన్. అంటే ఇంతకాలం దీన్ని వేరేవాళ్లకు అమ్మను అని మీరు మాటివ్వడం. కాలం ఏడాది, ఏడాదిన్నర. ఇచ్చే సొమ్ము పూర్తి ధరలో పదో వంతు అన్నది పాత ఆనవాయితీ, కొత్తవాళ్లకు అందులో ఎన్నో వంతో ఇచ్చి సరిపెట్టడమూ ఉంది. నాలుగు సంగతులు చూసుకోండి. గడువు తీరాక హక్కులు వాటంతటవే మీకు తిరిగొస్తాయా? పొడిగింపు మళ్లీ డబ్బిచ్చి చేయాలా, ఉత్తినే చేసుకోవచ్చా? మొదటి తిరగరాత మీచేతే రాయిస్తారా, దానికి వేరే డబ్బుందా? పేరు ఎలా పడుతుంది? డబ్బు సున్నా అయినా మొదటి రెండూ సరిగ్గా ఉంటే సంతకం పెట్టొచ్చు. డబ్బు బాగుండి, గడువే లేని కాగితమైతే ఆ కథ సంగతి మర్చిపోవడమే.

పేరు సంగతి చిన్నదేం కాదు. అమెరికా గిల్డ్ పద్ధతిలో ఇద్దరు రచయితల పేర్ల మధ్య ‘&’ గుర్తు ఉంటే కలిసి కూర్చుని రాశారని, ‘అండ్’ అనే మాట ఉంటే ఒకరి తర్వాత ఒకరు విడివిడిగా రాశారని అర్థం. సొంత కథతో వచ్చిన మొదటి రచయిత పేరు కథ దగ్గర నుంచి పూర్తిగా తీసేయడానికి వీల్లేదు, తర్వాత ఎంతమంది తిరగరాసినా సరే. ఇంత పకడ్బందీ ఏర్పాటు అన్నిచోట్లా ఉండదు. లేని చోట అది ఒప్పందంలోనే రాయించుకోవాలి, సినిమా పూర్తయ్యాక అడిగితే వినేవాడుండడు.

ఇదంతా జరగడానికి ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లలో తిండి ఎక్కడి నుంచి అన్నది స్క్రిప్టు నాణ్యతకు నేరుగా సంబంధించిన ప్రశ్న. ఉద్యోగం మానేసి దూకేయమని ఉత్సాహపరిచే సలహాలు నాకు నచ్చవు. అద్దె కట్టాల్సిన మనిషి చెడ్డ ఆప్షన్ మీద సంతకం పెడతాడు, నచ్చని మార్పుకు తలూపుతాడు. రోజుకు గంటన్నర మిగిల్చే ఉద్యోగం, వారానికి అయిదు రోజులు రోజుకొక పేజీ. అలా అయిదారు నెలలకు ఒక డ్రాఫ్టు, ఇంకో అయిదారు నెలలు తిరగరాత. ఏడాదికొకటి. ఇది నత్తనడకలా కనిపిస్తుంది గానీ, అయిదేళ్లకు చేతిలో అయిదు స్క్రిప్టులున్న మనిషి ఎక్కడైనా అరుదే. మొదటి రెండూ బయటపెట్టదగ్గవి కాకపోవచ్చు. వాటిని పంపకుండా దాచుకోవడం కూడా పనిలో భాగమే, ఒకసారి ‘వద్దు’ ముద్ర పడిన పేరును చాలా సంస్థలు కంప్యూటర్లో ఉంచుకుంటాయి.

ఎందుకు ఇన్ని రాయాలంటే, ఆ మీటింగ్ కోసం. మీ స్క్రిప్టు నచ్చి ఎవరో పిలుస్తారు. కాసేపు దాన్ని మెచ్చుకుంటారు. తర్వాత, ‘ఇది మేం చేయలేం, బడ్జెట్ ఎక్కువ’ అనో, ‘ఇలాంటిది ఒకటి మా దగ్గర ఉంది’ అనో అంటారు. కొత్తవాళ్లు ఇక్కడే డీలా పడిపోయి, బడ్జెట్ ఎలా తగ్గించొచ్చో వాదించడం మొదలుపెడతారు. ఎదుటి మనిషి అప్పటికే ఆ స్క్రిప్టు దాటి వచ్చేశాడు. అతను పిలిచింది దాన్ని కొనడానికి కాదు, రాసిన మనిషిని చూడటానికి. తర్వాతి ప్రశ్న దాదాపు ప్రతిసారీ ఇదే: ‘ఇంకేం రాశారు?’

జవాబు పొడుగ్గా ఉండక్కర్లేదు. టైటిల్, ఏ తరహా కథో ఒక మాట, పైన చెప్పినలాంటి ఒక వాక్యం. కళ్లలో ఆసక్తి కనిపించకపోతే వెంటనే ఇంకొకటి. కనిపిస్తే, ఇంటికి చేరగానే స్క్రిప్టు పంపించాలి, ఆ రాత్రే. ‘నెల రోజుల్లో పూర్తి చేసి పంపిస్తానండీ’ అన్నారంటే వాళ్లు నవ్వి సరేనంటారు. ఆ నెల గడిచేసరికి, అడిగిన మనిషి ఇంకో కంపెనీలో, ఇంకో బల్ల ముందు కూర్చుని, వేరేవాళ్ల స్క్రిప్టు చదువుతుంటాడు.